లారీ ఇల్లు: తూర్పు గుమ్మం

లోహిత లోపల గడియ పెట్టుకొని అప్పటికి ఒక పూట గడిచింది.

ఇల్లాలు అలిగితే ఇల్లు విడిచి పోవడం లోకరీతి. ఈ ఇల్లాలు ఇల్లు విడవనని అలిగింది. రేపు పొద్దున రేణిగుంట నుంచి క్రేను వస్తుంది. వచ్చి, ఇంటిని వచ్చిన దారినే ఎత్తుకుపోతుంది. ఆ మాట మొగుడి నోట వినగానే ఆమె ఉన్న ఒక్క తలుపూ మూసి, గడియ బిగించి, లోపల చాప పరుచుకుంది.

"క్రేనోళ్ళకి ఒక మాట చెప్పు," అంది కిటికీలోంచి మొగుడితో. "ఇంటితో బాటు నన్ను గూడా లేపుకోని పొమ్మను. బరువు రొంత ఎక్కువైతాదని ముందే చెప్పు. తాడు తెగితే మళ్ళా నన్నే అంటారు."

మునిప్రసాద్ చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. గుజ్జు నిండిన డబ్బాలకు మూతలు బిగించే మిషను అతనిది. ఇప్పుడు అతని సంసారమే డబ్బాలో కూర్చొని మూత బిగించుకుంది. బిగించడం తప్ప తీయడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ నేర్పలేదు.

ఐరాల జనం దానికి లారీ ఇల్లని పేరు పెట్టారు. లోకంలో అందరూ గృహప్రవేశం చేస్తారు. వీళ్ళ స్థలంలోకి ముందు గృహమే ప్రవేశించింది, రెండు ముక్కలుగా, రెండు లారీల మీద, ముందు మామిడాకులు కట్టించుకొని. స్టీలు చట్రం, దానికి బోల్టులతో బిగించిన పలకల గోడలు. క్రేను దించి సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెడితే, పనివాళ్ళు స్పానర్లు తిప్పి రెండు సగాలనూ ఒకటి చేశారు. ఆ రోజు ఎవరో ముసలమ్మ వచ్చి, దీంట్లో నట్టిల్లు ఎక్కడుందని అడిగింది. మునిప్రసాద్ తండ్రి మునస్వామి వెంటనే, "ఇల్లంతా నట్టిల్లే అవ్వా, యాడ సూసినా నట్లే," అన్నాడు. ఊరంతా ఆ వారం దాన్నే నమిలింది.

లోహితకు అది నవ్వులాట కాదు. పెళ్ళయిన నాటి నుంచి చిత్తూరులో బాడుగ ఇళ్ళు. ఒక ఇంటావిడ నీళ్ళ మోటారుకు తాళం వేసేది. ఇంకొకావిడ గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. క్యాలెండరును కుర్చీలో కూర్చోబెట్టి తేదీ చూసుకున్న సంసారం అది. ఇటుకలతో కట్టాలంటే ఐరాలలో ఉన్న పొలం అమ్మాలి, పొలం అమ్మితే కట్టడానికి చోటుండదు. ఈ ఇల్లయితే కింద నేలా మిగులుతుంది, పైన నీడా దొరుకుతుంది. ఆమే వెతికింది, ఆమే రేణిగుంటలో ఈ ఇళ్ళు చేసే కంపెనీ యార్డుకు పోయి గోడలు తట్టి చూసింది, ఆమే అత్తమామలను ఒప్పించింది. ఇల్లు దిగిన రోజు చేసిన మొదటి పని, హాలు గోడకు ఒక మేకు కొట్టడం. దానికి ఏమీ తగిలించలేదు. కొట్టుకోవచ్చు గనక కొట్టింది.

చిత్తూరు ఇంట్లో అప్పుడే వేరే వాళ్ళు దిగారు. రేపు ఈ ఇల్లు లేచిందంటే లోహిత మళ్ళీ బాడుగమనిషి. చచ్చినా కానని ఆమె ఒట్టు.

మరి ఇల్లు ఎందుకు లేవాలి? జ్ఞానాంబ కోసం. పాలు పొంగించిన కొన్నాళ్ళకే ఒక సాయంత్రం అత్త ఇంట్లోంచి బయటికి వచ్చింది, మళ్ళీ గడప తొక్కలేదు. ఇంటి పక్కన బోరు మోటారు రూము ఉంది. అందులో స్టార్టరు డబ్బా కింద చాప వేసుకొని, బయట మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకొని, అక్కడే ఉంటోంది. కోడలు తరిమేసిందని ఊరు తీర్పు చెప్పేసింది. జ్ఞానాంబ మాత్రం కోడలిని ఒక్క మాట అనలేదు. అదే లోహితకు దిగులు. తిట్టే అత్తతో ఏ కోడలైనా నెగ్గుకొస్తుంది. తిట్టని అత్తతో ఎట్లా వేగడం?

జ్ఞానాంబకు పట్టుకున్నది పడమటి గోడ. రోడ్డు వైపు గోడ అది. దీపాలవేళకు దాన్ని ఎవరో బయటినుంచి తడతారు. దొంగ తట్టినట్టు కాదు, చుట్టం తట్టినట్టు కాదు. లోపల మనవాళ్ళు ఉన్నారని తెలిసిన మనిషి చేతుల్లో సామానుంటే మోచేత్తో తడుతుందే, అట్లా. పోయి చూస్తే రోడ్డు, రోడ్డవతల మామిడి తోట, ఇంకేమీ లేదు.

అదొక్కటే అయితే సర్దుకునేది. ఆ గోడకే లోపలివైపు, కింద నేలను ఆనుకొని, తెల్ల రంగు మీద దబ్బపండు రంగు చార ఊరుతుంది. తుడిస్తే పోతుంది. తెల్లారితే మళ్ళీ ఉంటుంది.

మునస్వామి మొదట శాస్త్రం చెప్పాడు. ఎండకు సాగిన ఇనుము సందకాడ ముడుచుకుంటుందనీ, ఆ చప్పుడే అదనీ, ఆ చార తుప్పు అనీ. జ్ఞానాంబ ఆ చార మీద వేలు రాసి మొగుడి ముక్కు కింద పెట్టింది. పసుపు వాసన. మాట పుట్టించడంలో ఐరాల మండలానికే మేస్త్రీ అయిన మునస్వామికి ఆ పూట మాట పుట్టలేదు.

"గడపకి పసుపు పూస్తారు," అంది ఆమె. "గోడకి ఎవురు పూస్తారు?"

మూట కట్టుకొని మోటారు రూములోకి పోయింది.

కొన్నాళ్ళు చూసి, తల్లి పట్టు సడలకపోయేసరికి మునిప్రసాద్ కంపెనీకి ఫోను చేశాడు. గడువు లోపల అయితే వాపసు తీసుకుంటామన్నారు. ఆ సంగతి తల్లికి ముందు చెప్పాడు, పెళ్ళానికి తర్వాత చెప్పాడు. గడియ పడింది అందుకే.

"నాకు చెప్పకుండా నా ఇంటిని పొమ్మన్నావే," అంది లోహిత. గొంతు పెంచలేదు. "రేపు నన్ను పొమ్మనేటప్పుడన్నా ముందు నాకు చెప్తావా?"

మునిప్రసాద్ కిటికీ చువ్వ పట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మను ఆ మోటారు రూములో ఎన్నాళ్ళు పెట్టేది?"

"నేను పొమ్మన్నానా? దినామూ పొద్దున పోయి రా అత్తా అని పిలుస్తాండానే. ఆమె వచ్చి ఒక్క తూరి గడప లోపల కూర్చుంటే చాలు, నేనేమీ అడగను. ఒక్క తూరి."

ఇద్దరి మధ్యా చువ్వలు మాత్రం ఉన్నాయి.

పొద్దు వాలాక దామోదరం వచ్చాడు. కంపెనీ మనిషి. ఇల్లు అమ్మినప్పుడు ఇతనే నవ్వాడు, బిగించినప్పుడు ఇతనే అరిచాడు, ఇప్పుడు విప్పడానికి ఇతనే తల వంచుకొని వచ్చాడు. రేపటికి సిద్ధంగా ఉండాలని ముందు కరెంటు తీగ విప్పేశాడు, పైపు విప్పాడు. లోపల ఫ్యాను ఆగిన చప్పుడు వినబడింది. లోహిత ఉలకలేదు. మధ్యాహ్నమంతా ఏడ్చి ఉంటుంది, పడుకున్నట్టుందని మునిప్రసాద్ అన్నాడు.

జ్ఞానాంబ ఇంటికి తూర్పున ఉన్న మోటారు రూము గుమ్మంలోంచి దామోదరాన్ని పిలిచింది. మునస్వామీ మునిప్రసాదూ అక్కడే కూర్చొని ఉన్నారు. మజ్జిగ ఇచ్చింది. అతను తాగేదాకా ఆగింది.

"నాయనా, ఆ పడమటి గోడ కింద ఏముండాది?"

గ్లాసు అతని చేతిలోనే ఉండిపోయింది. ఏమీ లేదన్నాడు. రంగు అన్నాడు. తేమ అన్నాడు. ముసలామె కళ్ళు అతని మీదనుంచి తీయలేదు. కొందరిని అరిచి అడిగితే చెబుతారు, కొందరిని ఊరికే చూస్తే చెబుతారు. దామోదరం రెండో రకం.

"గడప ఉండాది పెద్దమ్మా," అన్నాడు. "పాత గడప. రేకుదే. తీయడం కష్టమని దాని మీదనే పలక బిగించినాము."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఇది కొత్త ఇల్లు కాదు, వాపసొచ్చిన ఇల్లు. రంగు కొత్తది. అంతకు ముందు నగరిలో పవర్లూము నేసే గురప్ప అనే ఆయన స్థలంలో ఉండేది. ఆయన భార్య నాగులమ్మ ఆ ఇంట్లోనే పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలని అయ్యవారు చెప్పాడు. ఇల్లు మూసి ఆయన ఎక్కడికి పోతాడు? మగ్గాల షెడ్డులో పడుకునేవాడు, ఎదురుగా చీకటి ఇల్లు చూడలేకపోయేవాడు. చివరికి కంపెనీకి ఫోను చేశాడు.

"అందురూ ఇంటికి తాళమేసి మనుషులు పోతారు," అన్నాడు దామోదరం. "ఆయన మనిషి ఉండి ఇంటిని పంపించినాడు."

మునస్వామికి మామూలుగా అయితే ఆ మాట పండగ. ఇప్పుడు తలెత్తి ఇంటి వైపు చూశాడు.

"మరి పీనుగను..." అంది జ్ఞానాంబ. ఆ నక్షత్రంలో పోయినవాళ్ళను గుమ్మంలోంచి తీసుకుపోరు. వెనక గోడ పగలగొట్టి అందులోంచి తీసుకుపోయి, మళ్ళీ పూడ్చేస్తారు. పోయినవాళ్ళు తిరిగి వస్తే వెళ్ళిన దారి కనబడకూడదని. ఆ సంగతి ఆమె చెప్పనక్కర లేదు, అక్కడ అందరికీ తెలుసు.

"గోడ పగలగొట్టే పని లేదు కదా దీనికి," అన్నాడు దామోదరం. "నన్ను పిలిచినారు. నేనే పోయి వెనక పలక విప్పి ఇచ్చినాను. సాగనంపినాక మళ్ళా బిగించినాను."

"వెనక పలకంటే ఏది?"

దామోదరం కళ్ళు తూర్పు గుమ్మం వైపు పోయాయి, లోహిత గడియ పెట్టుకున్న తలుపు మీదికి.

కంపెనీ పటంలో గుమ్మం రోడ్డు వైపే ఉండింది, పడమటికి. పడమటి గుమ్మం పనికిరాదు, తూర్పు గుమ్మం కావాలని పట్టుబట్టింది మునస్వామి. పైపుల గుంతలు అప్పటికే తీశారు, ఇంటిని తిప్పడానికి లేదు. దానికేముంది, తలుపు పలక అటు, గోడ పలక ఇటు, బోల్టులే కదా అన్నాడు దామోదరం. ఒక గంటలో గుమ్మం దిక్కు మారింది. దిక్కుమాలిన ఇంటికి దిక్కు చూపించినవాణ్ణని మునస్వామి ఊరంతా చెప్పుకున్నాడు.

అంటే, పోయినవాళ్ళకు కనబడకూడదని మూసిన దారిని వీళ్ళు తెరిచి, తలుపు పెట్టి, తోరణం కట్టి, అందులోంచే నడుస్తున్నారు. నాగులమ్మకు తెలిసిన గుమ్మాన్నేమో గోడ చేశారు.

మోటారు రూములో స్టార్టరు డబ్బా సన్నగా గుయ్‌మంటోంది.

"వాస్తు సూసినాం," అన్నాడు మునస్వామి మెల్లగా. "వస్తువును సూడలేదు."

నవ్వించడానికి అన్నది కాదు. ఎవరూ నవ్వలేదు.

"నేను పూసినాను ఆ తూర్పు గడపకి పసుపు," అంది జ్ఞానాంబ. "నేను పెట్టినాను బొట్లు. రా తల్లీ, వచ్చి మా ఇంట్లో ఉండు అని కర్పూరం ఎలిగించి మొక్కినాను. ఎవుర్ని పిలస్తాండానో తెలీకుండా పిలిచినాను."

లోహితకు చెప్పి బయటికి పిలుస్తానని మునిప్రసాద్ లేచాడు. తల్లి చెయ్యి పట్టుకొని ఆపింది. దీపాలవేళ చెప్పే మాటా అది, లోపల ఒంటిగా ఉండే ఆడబిడ్డకు? ముందు బయటికి రానీ, తర్వాత చెబుదామంది.

అప్పుడే వినబడింది.

పడమటి గోడ. మెత్తగా, మోచేత్తో తట్టినట్టు.

నలుగురూ తూర్పు పక్కనే ఉన్నారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మునిప్రసాద్ ఇంటి చుట్టూ తిరిగి పరుగెత్తాడు. మిగతావాళ్ళు అతని వెనక పోయేసరికి, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడిన ఒక ముసలాయన కనబడ్డాడు. తెల్ల పంచె, భుజాన సంచి. సంచిలోంచి నూనె సీసా మూతి, వత్తుల పొట్లం బయటికి వచ్చి ఉన్నాయి.

మునస్వామికి పోయిన ఊపిరి ఒక్కసారిగా తిరిగొచ్చింది, దాంతో పాటు వెటకారమూ వచ్చింది. గోడ తట్టే దయ్యానికి పంచె కూడా ఉందా అని అడిగాడు. మునిప్రసాద్ నవ్వేశాడు. దామోదరం మాత్రం నవ్వలేదు, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ ముసలాయన ఎవరో అతనికి తెలుసు.

గురప్ప.

"ఇన్నాళ్ళూ తట్టింది నువ్వేనా పెద్దాయనా?" అన్నాడు మునిప్రసాద్. "ఒక మాట పలికుంటే సరిపోయుండును కదా. మా అమ్మ మోటారు రూము పాలైంది నీ వల్ల."

గురప్ప తెల్లబోయి చూశాడు.

"ఈ పొద్దే మొదటి తూరి వచ్చేది అప్పా. ఇల్లు యాడుండాదో నాకు తెలీదు. నిన్న ఫోన్లో ఈ దామోదరమే సెప్పినాడు. బస్సు మారి మారి ఇప్పుడే దిగినాను."

మునిప్రసాద్ నవ్వు పెదాల మీద అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు.

ముసలాయన సంచి కిందకు దించాడు. ఈ పొద్దుతో ఆరు నెలలు నిండాయన్నాడు. మూసిన ఇల్లు తెరిచి దీపం పెట్టాల్సిన రోజు. పొద్దున నగరిలో స్థలంలోకి పోయాడు. ఉత్త సిమెంటు దిమ్మెలు. వాటి మధ్య దీపం పెట్టాడు. ఆకు కదలడం లేదు, అయినా ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది.

"ఆమె ఆడ లేదని తెలిసిపోయింది నాకు," అన్నాడు. "ఇల్లొదిలి ఒక పూట యాడా ఉన్న మనిషి కాదు నాగులమ్మ. ఇంటిని పంపిస్తే ఇంటి ఎంట పోయుంటాది. నాది తప్పయిపోయింది. నేను నిలబడిన ఈ జాగాలోనే కదా తలుపు ఉన్నింది. నీళ్ళ బిందె నడుముకు పెట్టుకోని వస్తే మోచేత్తోనే తడుతుంది. తలుపు యాడ పెట్టినారో తెలీక గోడ తడతా ఉంటాది పాపం."

జ్ఞానాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు ఎత్తేస్తారంట కదా," అన్నాడు గురప్ప. "వద్దప్పా. ఇంకో ఊరు, ఇంకో దిక్కు. ఆమె ఎన్నని ఎతుక్కుంటాది? లోపల ఒక దీపం పెట్టుకోనిచ్చినారంటే, నేను సెప్పి పంపిస్తాను. నా మాట ఇంటాది."

ఇల్లు ఉండాలని ఇద్దరే కోరుకుంటున్నారని మునస్వామికి అనిపించింది. లోపల ఒక కోడలు, బయట ఈ ముసలాయన. పైకి అనేలోపే గోడకున్న కిటికీ రెక్క తెరుచుకుంది.

లోహిత. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ మొహం విచ్చుకొని ఉంది. మొగుడిని చూసి, గొంతు తగ్గించి, నిద్రపోయే పిల్లను లేపకూడదన్నట్టు మాట్లాడింది.

"క్రేను వద్దని ఫోను చెయ్యి. అత్త వచ్చేసింది."

మునిప్రసాద్ వెనక్కి తిరిగి తల్లి కోసం చూశాడు.

"గడియ సరింగా పడలేదేమో, నేను కునుకు తీసేలోపల వచ్చి కూర్చోనుండాది. ఇదో, ఈ గోడకే ఆనుకోని. తల నిండా కొంగు కప్పుకోనుండాది. పలకరిస్తే పలకడంలా. కోపం ఇంకా తీరలేదేమోలే. వచ్చింది కదా, నాకంతే చాలు."

జ్ఞానాంబ మునస్వామి వెనకే ఉంది. ఆమె వేళ్ళు అతని చొక్కాను పట్టుకున్నాయి. చీకటి పడుతోంది, కిటికీలోంచి కోడలికి ఆమె కనబడలేదు.

మునిప్రసాద్ నోరు తెరిచాడు. తల్లి తల అడ్డంగా ఊపింది. వద్దు, పిల్ల జడుసుకుంటుంది.

గురప్ప ఒక అడుగు ముందుకు వేశాడు.

"పాపా," అన్నాడు. "కాళ్ళు సాపుకోనుండాదా? ఒక కాలు మడుసుకోనుండాదా?"

లోహిత వెనక్కి తిరిగి చూసింది. "ఒకటి మడుసుకోనుండాది. ఎవురు తాతా నువ్వు?"

"మగ్గానికి నూలు కండెలు సుట్టేటప్పుడు అట్లే కూర్చుంటాది," అన్నాడు ముసలాయన. ఎవరితో అన్నాడో తెలియలేదు.

జ్ఞానాంబ మొగుడి చొక్కా వదిలింది. గోడ పట్టుకొని నడుస్తూ ఇంటి మూల తిరిగి తూర్పు గుమ్మం వైపు పోయింది. మునస్వామి వెంటబడ్డాడు, మూల దగ్గర ఆగిపోయాడు. మధ్యలో ఇల్లు. ఇటు కిటికీ, అటు తలుపు.

ఆ తలుపు ఏమిటో ఇప్పుడు ఆమెకు తెలుసు. తెలిసీ దాని ముందు నిలబడింది. తన చేత్తో పెట్టిన బొట్లు గడప మీద నల్లగా కనబడుతున్నాయి. కొంగు నడుముకు దోపుకుంది. పిలవలేదు. లోపల ఉన్నది తన మనిషేనన్నట్టు, మెత్తగా తట్టింది.

ఇటు పక్క, మునిప్రసాద్ ముందు, లోహిత గొంతు వినబడుతోంది. తాతా, లోపలికి రా, మా అత్త వచ్చిన రోజు వచ్చినావు, మంచినీళ్ళు తాగి పోదువు, తలుపు తీస్తానుండు అంటోంది. ఇంకా కిటికీ చువ్వల దగ్గరే ఉంది. ఆమె చేతివేళ్ళు చువ్వల మీద తెల్లగా కనబడుతున్నాయి.

అటు పక్క, జ్ఞానాంబ ముందు, లోపలినుంచి గడియ తీసిన చప్పుడయింది.